పేరొకటే, కణం వేరు

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో శివరాత్రి అంటే శంభులింగేశ్వర స్వామి జాతర. జాతర అంటే ఎడ్ల పందేలు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ ఒంగోలు జాతి గిత్తలు లారీల్లో వచ్చి దిగుతాయి. బండలాగుడు పోటీల్లో విభాగాలు పళ్లను బట్టి ఉంటాయి: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆ పైన పెద్ద గిత్తలు. నోరు తెరిచి పన్ను చూసి వయసు చెప్పేవాళ్లకీ, మూపురం, గంగడోలు, గిట్ట చూసి సత్తువ అంచనా కట్టేవాళ్లకీ ఈ ప్రాంతంలో కరువు లేదు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు.

పశువైద్యుడి కొలత వేరు. చెవి అంచున నరం మీద సూదితో గుచ్చి, వచ్చిన చుక్కను గాజుపలక చివర పెట్టి, ఇంకో పలక అంచుతో ఒక్క తోపు తోస్తే రక్తం పలుచగా పరుచుకుంటుంది. ఆరిన తర్వాత దాని మీద లీష్మన్ రంగు పోసి, కాసేపాగి నీళ్లు కలిపి, కడిగి, నూనెబొట్టు వేసి వందరెట్ల కటకం కింద పెడతారు. గులాబీ రంగు ఎర్రకణాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఊదారంగు కేంద్రకంతో కనిపించేవి తెల్లకణాలు. వాటిని వంద వరకు లెక్కపెట్టి ఏ రకం ఎన్ని ఉన్నాయో రాసుకుంటారు. మనిషి రక్తంలో ఆ వందలో 60 దాకా న్యూట్రోఫిల్స్, 30 అటూ ఇటుగా లింఫోసైట్లు. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. లింఫోసైట్లే 60 దాకా ఉంటాయి, న్యూట్రోఫిల్స్ 30కి అటూ ఇటూ. గొర్రె, మేక, గేదె ఎద్దు పక్షం. కుక్క, పిల్లి, గుర్రం మనిషి పక్షం.

ఈ తేడా పుట్టుకతో వచ్చేది కూడా కాదు. ఈనిన రోజున దూడ రక్తం చూస్తే న్యూట్రోఫిల్సే ఎక్కువ. కొన్ని వారాలు, నెలలు గడిచేలోపు లింఫోసైట్లు పైచేయి సాధిస్తాయి. ఇంకో చిక్కు ఉంది. పందెంలో బండ లాగి వచ్చిన గిత్త ఒంట్లో కార్టిసాల్ పెరిగి ఉంటుంది. దాంతో న్యూట్రోఫిల్స్ ఎగబాకుతాయి, లింఫోసైట్లు, ఇసినోఫిల్స్ దిగిపోతాయి. ఆ గంటలో తీసిన పలకను విషయం తెలియనివాళ్లు చూస్తే, నిక్షేపంగా ఉన్న ఎద్దుకు ఏదో ఇన్ఫెక్షన్ అంటగట్టే ప్రమాదముంది. మనుషుల కోసం సరిచేసి పెట్టిన, రక్తకణాలు లెక్కపెట్టే యంత్రంలో మేక రక్తం పోస్తే అవస్థ మరీ ఎక్కువ. మేక ఎర్రకణం వెడల్పు 4 మైక్రోమీటర్లకు అటూ ఇటూ, మనిషిది ఏడున్నర. అంత చిన్న కణాల్లో కొన్నిటిని యంత్రం ప్లేట్‌లెట్ల ఖాతాలో వేసేస్తుంది.

ఒక జంతువు కణాన్ని చూసి ఇంకో జంతువు గురించి చెప్పకూడదన్న ఈ పాఠం నేర్చుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ చరిత్రలో తెలుగు నేల వాటా తక్కువేమీ కాదు.

తెల్లకణాలకు రంగు పూసి విడివిడిగా గుర్తుపట్టడం జర్మనీలో పాల్ ఎర్లిష్‌తో మొదలైంది. 1879లో ఆయన ఇయోసిన్ అనే ఎర్రటి రంగును పట్టుకుని మెరిసే రేణువులున్న కణాన్ని చూపించి ఇసినోఫిల్ అన్నారు. 1882లో ఇటలీలోని మెస్సినాలో ఇల్యా మెచ్నికోవ్ నక్షత్రచేప పిల్ల ఒంట్లో గులాబీ ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు చేరడం కళ్లారా చూశారు. ఒంట్లో చొరబడ్డదాన్ని మింగే కణాలు ఉన్నాయన్న ఆలోచన అక్కడ మొలకెత్తింది. ఇద్దరికీ కలిపి 1908లో నోబెల్ ఇచ్చారు. మన ఆసుపత్రుల్లో ఇవాళ్టికీ వాడే రంగు మాత్రం బ్రిటిష్ సైనిక వైద్యుడు విలియం లీష్మన్ 1901లో కుదిర్చింది. రెండేళ్లకే మద్రాసులో చార్లెస్ డోనోవన్ కాలా అజార్ అనే జ్వరం వచ్చిన రోగుల ప్లీహం నుంచి తీసిన పలకల్లో, మాక్రోఫేజ్ కణాల లోపలే కాపురం పెట్టిన పరాన్నజీవులను చూశారు. మింగే కణాన్నే ఇల్లుగా చేసుకునే ఆ జీవి మనిషిలోనూ కుక్కలోనూ అదే పని చేస్తుంది.

1903లోనే మద్రాసు పశువైద్య కళాశాల తెరుచుకుంది. చాలాకాలం తెలుగు కుర్రాళ్లు పశువైద్యం చదవాలంటే చెన్నపట్నం వెళ్లాల్సిందే. నిజాం ఏలుబడి చివర్లో, 1946లో హైదరాబాదు కళాశాల, 1955లో తిరుపతి కళాశాల వచ్చాయి. అక్కడ చదివినవాళ్లకు ఆ తర్వాతి కాలంలో పెద్ద దిక్కు ఒక అమెరికన్ పుస్తకం. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో పనిచేసిన ఆస్కార్ షామ్ 1961లో జంతువుల రక్తశాస్త్రం మీద రాసిన గ్రంథమది. తర్వాతి కూర్పులను నేమి సి. జైన్ పెంచి పోషించారు. కుక్కకు ఒక అధ్యాయం, గుర్రానికి ఒకటి, ఆవుకు ఒకటి. మనిషి లెక్కలను పశువుకు అతికించే అలవాటుకు ఆ పుస్తకం చాలావరకు అడ్డుకట్ట వేసింది.

తెల్లకణాల్లో జంతువును బట్టి వేషం మార్చడంలో మొదటి బహుమతి ఇసినోఫిల్‌దే. గుర్రం ఇసినోఫిల్‌లో రేణువులు ఎంత పెద్దవంటే కేంద్రకం కనపడకుండా పోయి కణమంతా ఒక మల్బరీ పండులా ఉంటుంది. ఒక్కసారి చూసినవాళ్లు జన్మలో మరిచిపోరు. పిల్లిలో రేణువులు గుండ్రంగా ఉండవు, చిన్న పుల్లల్లా ఉంటాయి. కుక్కలో ఒకే కణంలో పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటాయి. గ్రేహౌండ్ జాతి కుక్కల్లో అసలు రంగే సరిగా పట్టక బూడిదరంగు గుంటల్లా కనిపించి, కొత్తగా చూసేవాణ్ణి తికమకపెడతాయి. ఆవు, గేదెల్లో సన్నటి, సమానమైన గుండ్రటి రేణువులు కిక్కిరిసి ఉంటాయి. కుందేలు సంగతి మరీ విచిత్రం. దాని న్యూట్రోఫిలే ఎర్రటి రేణువులు నింపుకుని ఇసినోఫిల్ వేషం వేస్తుంది. అందుకే దానికి హెటరోఫిల్ అని వేరే పేరు పెట్టాల్సి వచ్చింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక లోపలి సంగతీ బయటపడింది. మనిషి, పిల్లి ఇసినోఫిల్ రేణువుల మధ్యలో స్ఫటికంలాంటి గింజ ఉంటుంది. ఆవు, గుర్రం రేణువుల్లో అది ఉండదు.

ఈ కణం కథలో ఒక ముఖ్య ఘట్టం మదనపల్లె పక్కన నడిచింది. అప్పటి చిత్తూరు జిల్లా ఆరోగ్యవరంలో మిషనరీలు పెట్టిన క్షయ శానటోరియం ఉంది. దాన్ని నడిపిన డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మ్యులర్. దగ్గు, ఆయాసం, జ్వరంతో కొందరు రోగులు వచ్చేవారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చుక్కలు. చూడగానే క్షయ అనిపిస్తుంది. గళ్లలో మాత్రం క్షయ క్రిములు కనపడవు. రక్తం పలక పెట్టి చూస్తే ఇసినోఫిల్స్ విరగబడి ఉన్నాయి. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 500 లోపు ఉండాల్సినవి ఈ జబ్బులో 3,000 దాటిపోతాయి. 1940లో ఫ్రిమోట్-మ్యులర్, బార్టన్ కలిసి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో దీన్ని క్షయలా కనిపించే వేరే జబ్బుగా రాశారు. మూడేళ్ల తర్వాత బొంబాయిలో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టడంతో పేరంతా ఆయనకు పోయింది. మదనపల్లె పరిశీలన ముందుదన్న సంగతి వైద్య గ్రంథాలు మాత్రం గుర్తు పెట్టుకున్నాయి. క్షయ కోసం కట్టిన ఆసుపత్రిలో, ఇది క్షయ కాదు అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. అలా చెప్పకపోతే ఆ రోగులు నెలల తరబడి అక్కడే పడి ఉండాల్సి వచ్చేది.

మొదట్లో ఈ జబ్బుకు ఆర్సెనిక్ మందులు వాడారు. సరైన మందు వచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి. అక్కడ పరిశోధనకు సారథి భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం 1947లో ఫైలేరియా పురుగుల మీద డైఇథైల్‌కార్బమజీన్ పనిచేస్తుందని ప్రకటించింది. జనం నోట అది హెట్రజాన్ మాత్ర. ఆ మందును ముందుగా పరీక్షించింది మనుషుల మీద కాదు. కాటన్ ర్యాట్ అనే అమెరికా ఎలుకల్లో ఉండే ఫైలేరియా పురుగు మీద, కుక్కల గుండెలో పెరిగే పురుగు మీద పరీక్షించారు. అలా రెండు జంతువుల్లో నెగ్గిన మందు మనిషి దగ్గరికి వచ్చింది. 1950ల్లో అదే మందు ట్రాపికల్ ఇసినోఫీలియానూ లొంగదీస్తుందని మన దేశంలోని వైద్యులు చూపించారు. దాంతో ఈ జబ్బుకు కారణం ఫైలేరియా పురుగే కావచ్చన్న అనుమానం బలపడింది. 1958లో బక్లీ అనే పరాన్నజీవి శాస్త్రజ్ఞుడు జంతువుల్లో ఉండే ఫైలేరియా లార్వాలను మనిషికి ఎక్కించి ఈ జబ్బు లక్షణాలను మళ్లీ పుట్టించారు. 1960లో వెల్లూరు వైద్యులు రోగుల ఊపిరితిత్తుల్లో, లింఫ్ గ్రంథుల్లో చిక్కుకుపోయిన పురుగు పిల్లలను చూపించారు. రక్తంలో తిరగాల్సిన పురుగు పిల్లలను ఇసినోఫిల్స్ చుట్టుముట్టి ఊపిరితిత్తుల్లోనే చంపేస్తున్నాయి. దగ్గుకూ ఆయాసానికీ కారణం ఆ పోరే.

ఇక్కడ ఎలుకను నమ్మి మోసపోయే సందర్భం కూడా ఉంది. మనిషి గళ్లలో ఇసినోఫిల్స్ చచ్చినచోట సూదిమొనలుండే స్ఫటికాలు కనిపిస్తాయి. షార్కో-లైడెన్ స్ఫటికాలని వాటి పేరు. ప్రయోగశాల ఎలుకలో అవి ఏర్పడవు. వాటిని తయారుచేసే ప్రొటీన్ ఎలుకకు లేనే లేదు. ఉబ్బసం మీద ఎలుకల్లో చేసిన పరిశోధనను మనిషికి వర్తింపజేసేటప్పుడు శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఈ సంగతి దృష్టిలో పెట్టుకోవాల్సి వస్తోంది.

న్యూట్రోఫిల్ చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. అన్ని జంతువుల్లోనూ కేంద్రకం ముక్కలు ముక్కలుగా మెలితిరిగి ఉంటుంది. ఆడ జంతువుల్లో, ఆడవాళ్లలో కొన్ని కణాల కేంద్రకానికి డోలు పుల్లలాంటి చిన్న బుడిపె ఒకటి అంటిపెట్టుకుని ఉంటుందని 1954లో కనిపెట్టారు. అసలు తేడా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికే దొరికింది. మనిషి న్యూట్రోఫిల్‌లో ముఖ్యంగా రెండు రకాల రేణువులు ఉంటాయి. 1983లో ఆవు న్యూట్రోఫిల్‌లో వాటికంటే పెద్దవైన, పెరాక్సిడేజ్ లేని మూడో రకం రేణువులను గుర్తించారు. గొర్రె, మేకల్లోనూ అవే ఉన్నాయి. నెమరువేసే జంతువుల సొంత ఆస్తి అవి. క్రిములను చంపే చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు వాటిలో నిండి ఉంటాయి. 1992లో ఆవు న్యూట్రోఫిల్స్ నుంచి తీసిన ఇండాలిసిడిన్‌లో ఉన్నవి పదమూడంటే పదమూడు అమైనో ఆమ్లాలు.

పాడి ఉన్న ఇంట్లో న్యూట్రోఫిల్స్ చేసే పనిని సూక్ష్మదర్శిని లేకుండానే చూడొచ్చు. పొదుగువాపు మొదలవుతోందన్న అనుమానం వస్తే పశువైద్యుడు నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం తెస్తాడు. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి కాస్త పాలు పిండి, అంతే కొలత ఊదారంగు ద్రావణం పోసి, పళ్లెం గుండ్రంగా తిప్పుతాడు. జబ్బు లేని చన్ను పాలు నీళ్లలాగే కదులుతాయి. జబ్బు ఉన్న చన్ను పాలు చిక్కబడి జారుడుగా, తీగలు సాగుతాయి. పొదుగులోకి దూసుకొచ్చిన న్యూట్రోఫిల్స్ ద్రావణంలోని సబ్బుకు పగిలిపోతాయి. వాటి డీఎన్‌ఏ బయటపడి ఇలా ముద్ద కడుతుంది. షామ్, నూర్లాండర్ 1957లో కనిపెట్టిన పరీక్ష ఇది. ఆవుకూ గేదెకూ బాగానే పనికొస్తుంది. మేక దగ్గర జాగ్రత్త పడాలి. మేక పొదుగులో పాలు ఊరే తీరు వేరు. పాలతో పాటు కణాల పైభాగం ముక్కలు తెగి వస్తాయి. వాటిలో కేంద్రకం ఉండదుగానీ సైజు తెల్లకణమంత ఉంటుంది. డీఎన్‌ఏతో సంబంధం లేకుండా లెక్కపెట్టే యంత్రమైతే జబ్బులేని మేక పాలను కూడా జబ్బువని తేల్చేస్తుంది.

న్యూట్రోఫిల్ కథలో ఇంకో మలుపు సంకరజాతి పశువులతో వచ్చింది. అమెరికాలో 1952లో పుట్టిన ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అనే హోల్‌స్టీన్ ఆంబోతు, దాని వంశంలోని ఐవన్‌హో బెల్ పాల దిగుబడికి పేరుమోసినవి. కృత్రిమ గర్భధారణ వల్ల వాటి వీర్యం దేశాలు దాటింది. దానితో పాటు ఒక లోపం కూడా దాటింది. ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చిన దూడల్లో న్యూట్రోఫిల్స్ రక్తంలో లెక్కకు మించి ఉంటాయి, రూపంలో ఏ లోటూ కనిపించదు. అయినా రక్తనాళం గోడకు అతుక్కోలేవు, పుండు దగ్గరికి వెళ్లలేవు. నోట్లో పుండ్లు, న్యుమోనియా, విరేచనాలతో దూడలు చిన్నతనంలోనే పోతాయి. 1992లో దీని మూలం బయటపడింది. సీడీ18 అనే ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోవడమే ఈ జబ్బుకు మూలం. మనుషుల్లోనూ, ఐరిష్ సెట్టర్ కుక్కల్లోనూ ఇదే ప్రొటీన్ పాడైతే ఇదే జబ్బు వస్తుంది. అందుకే ఇప్పుడు మన దేశంలో వీర్యం కోసం ఎంచుకునే ఆంబోతులకు ఈ జన్యుపరీక్ష తప్పనిసరి. పలక మీద చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్న కణం లోపల ఇంత లోటు ఉండగలదని ఈ జబ్బు పశువైద్యులకు గట్టిగా చెప్పింది.

లింఫోసైట్ల దగ్గరికి వస్తే, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో పాడిరైతుకు బాగా పరిచయమైన శత్రువు థైలేరియా. పిడుదులు మోసుకొచ్చే ఈ పరాన్నజీవి ఆవు తెల్లకణాల్లోకి దూరి, వాటిని కేన్సర్ కణాల్లా ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది. భుజం ముందు గ్రంథి ఉబ్బుతుంది. దానిలోకి సూది దించి, పీల్చిన బొట్టుకు రంగు వేస్తే లింఫోసైట్ లోపల నీలిరంగు మచ్చలు కనిపిస్తాయి. వీటిని కోచ్ బ్లూ బాడీస్ అంటారు. సంకరజాతి ఆవుకు ఇది ప్రాణాంతకం. ఒంగోలులాంటి దేశవాళీకి తట్టుకునే శక్తి ఎక్కువ. గేదెకు సోకినా చాలాసార్లు జబ్బు కనిపించకుండానే పోతుంది. సహీవాల్, హోల్‌స్టీన్ దూడలకు పక్కపక్కన ఇదే పరాన్నజీవిని ఎక్కించి చూసిన ఎడిన్‌బరో పరిశోధకులు 2005లో తేల్చిందీ ఇదే: సహీవాల్ దూడలు బతికాయి, తెల్లకణాల ప్రతిస్పందన రెండు జాతుల్లో వేరువేరుగా ఉంది. దీనికి టీకా కూడా తెల్లకణమే. పరాన్నజీవి ఉన్న ఆవు కణాలను ప్రయోగశాలలో తరతరాలుగా పెంచి, తీవ్రత తగ్గించి, ద్రవ నైట్రోజన్‌లో దాచి ఇస్తారు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ (ఎన్‌డీడీబీ) 1982లో స్థాపించిన హైదరాబాదు సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దీన్ని రక్షావాక్-టి పేరుతో తయారుచేసింది.

పంది విషయంలో లింఫ్ గ్రంథి నిర్మాణమే తలకిందులు. చాలా జంతువుల్లో లింఫోసైట్ల గుంపులు గ్రంథి అంచున ఉంటాయి. పందిలో అవి మధ్యలోకి చేరి, నడుమ ఉండాల్సిన భాగం అంచుకు వెళ్తుంది. గ్రంథి నుంచి బయటికి వెళ్లే లింఫోసైట్లు కూడా లింఫ్ నాళం పట్టకుండా నేరుగా రక్తంలో దిగిపోతాయి. గొర్రెను కోసేటప్పుడు వెన్నెముక పొడవునా కొవ్వులో నల్లటి ఎరుపు గింజల్లాంటివి కనిపిస్తాయి. అవి రక్తంతో నిండే గ్రంథులు, ఎక్కువగా నెమరువేసే జంతువుల్లోనే కనిపిస్తాయి.

జాతుల మధ్య ఈ తేడాలు ఎంత దూరం పోతాయో చూడాలంటే ముసర వ్యాధి చరిత్రకు వెళ్లాలి. ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్. జ్వరం, కళ్ల వెంట నీరు, నోట్లో పుండ్లు, ఆ వెంటనే ఆగని విరేచనాలు. వారం పది రోజుల్లో పశువు పోయేది. ఊళ్లకు ఊళ్లు నాగళ్లు కట్టడానికి ఎడ్లు లేక మిగిలిపోయేవి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం దీనిపై ప్రత్యేక కమిషన్ నివేదిక తెప్పించుకుంది. 1889లో పుణెలో పెట్టిన బ్యాక్టీరియాలజీ ప్రయోగశాల 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు మారింది. జనానికి దూరంగా ఉంటేనే ఇలాంటి వ్యాధులతో ప్రయోగాలు చేయొచ్చన్నది ఆలోచన. 1897లో రాబర్ట్ కోచ్ అక్కడికి వచ్చి వెళ్లారు.

ఈ వైరస్ లింఫోసైట్లను వెతుక్కుని మరీ చంపుతుంది. ముసర వచ్చి చచ్చిన పశువు పేగులో లింఫోసైట్లు గుంపుకట్టే చోట్లు ఖాళీ అయి, నల్లటి గుంటలు పడి కనిపించేవి. లింఫ్ గ్రంథుల్లో కొన్ని కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి బహుళ కేంద్రకాల పెద్ద కణాలు ఏర్పడేవి. సరిగ్గా అలాంటివే 1931లో వార్థిన్, ఫింకెల్డే అనే ఇద్దరు వేరువేరుగా తట్టు రాబోతున్న పిల్లల టాన్సిల్స్‌లో చూశారు. తట్టు వైరస్, ముసర వైరస్ దగ్గరి చుట్టాలు. వాటి జన్యువులు పోల్చి చూసిన 2020 నాటి పరిశోధన ప్రకారం, తట్టు దాదాపు 2,500 ఏళ్ల కిందట పశువుల వైరస్ నుంచి విడిపోయి మనిషికి చేరింది.

1920ల్లో ముక్తేశ్వర్‌లో జె.టి. ఎడ్వర్డ్స్ ఆ వైరస్‌ను మేకల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి వరుసగా ఎక్కించుకుంటూ పోయారు. అలా మారిన వైరస్ మన దేశవాళీ పశువుకు స్వల్ప జ్వరం ఇచ్చి, ఆ పైన జబ్బు రాకుండా కాపాడింది. టీకా దేనితో చేసేవారంటే మేక ప్లీహంతో, మటన్ కొట్టులో తిల్లి అనేదానితో. లింఫోసైట్లు కిక్కిరిసి ఉండేది అక్కడే, వైరస్ బాగా పెరిగేదీ అక్కడే. దాన్ని ఆరబెట్టి పొడి చేసి ఊళ్లకు పంపేవారు. అయితే మేకలో మెత్తబడ్డ వైరస్ కొండప్రాంతాల పశువులకూ సంకరజాతి ఆవులకూ మెత్తగా ఉండలేదు. వాటికి కుందేలులో మెత్తబరిచిన వైరస్ వాడాల్సి వచ్చింది. ఆ పని 1938లో జపాన్ శాస్త్రవేత్త జుంజి నకమురా చేశారు. ఎలాంటి పశువుకైనా పనికొచ్చే టీకా మాత్రం కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ దూడ మూత్రపిండ కణాల్లో పెంచినప్పుడు వచ్చింది. 1999లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

మన దేశంలో ఊరూరా టీకాల పథకం 1954లో మొదలైంది. 1995లో తమిళనాడులో కనిపించినదే దేశంలో చివరి ముసర. 2006లో భారత్ ముసర లేని దేశమైంది. 2011లో ప్రపంచమంతా దీని పీడ వదిలిందని ప్రకటించారు. మనిషి ప్రయత్నంతో భూమ్మీద పూర్తిగా పోయిన జబ్బులు రెండే: మశూచి, ముసర.

మేకలో పెరిగితే మెత్తబడుతుంది, కుందేలులో పెరిగితే ఇంకోలా మారుతుంది. ఎందుకన్నది ముక్తేశ్వర్ వాళ్లకు తెలియదు. జవాబులో కొంత భాగం 2000, 2001 సంవత్సరాల్లో జపాన్ నుంచి వచ్చింది. తట్టు, ముసర, కుక్కల డిస్టెంపర్ ఈ మూడు వైరస్‌లూ లింఫోసైట్లలోకి దూరడానికి స్లామ్ అనే ఒకే ప్రొటీన్‌ను పట్టుకుంటాయని తేలింది. మనిషిలో, ఆవులో, కుక్కలో స్లామ్ ఉంది, అయితే అచ్చంగా ఒకేలా లేదు. ఆ చిన్న తేడాలు వైరస్ ఎంత గట్టిగా అతుక్కుంటుందో నిర్ణయించే వాటిలో ఒకటి. కణంలోకి దూరిన తర్వాత ఎదురయ్యే ప్రతిఘటన కూడా జాతిని బట్టి మారుతుంది.

ముసర పోయేలోపే దాని చుట్టమొకటి తలుపు తట్టింది. 1987లో తమిళనాడు విళుప్పురం దగ్గరి అరసూరులో గొర్రెలకు ముసరలాంటి జబ్బు వచ్చింది. ఇదీ ముసరేనేమో అనుకున్నారు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎం.ఎస్. షైలా, సహచరులు 1989లో దాన్ని పీపీఆర్ వైరస్‌గా గుర్తించారు. కొన్నేళ్లు దక్షిణాదికే పరిమితమైన ఈ జబ్బు 1994 తర్వాత ఉత్తరాదికి పాకింది. గొర్రెలు, మేకలు చీమిడి, పుండ్లు, విరేచనాలతో పోతాయి. అదే కొట్టంలో కట్టేసిన ఆవుకు వైరస్ సోకితే రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయిగానీ జబ్బు రాదు. ఈ జబ్బును మన రైతులు పారుడు రోగం అంటారు.

సూర్యాపేట జిల్లాకు ఈ చరిత్ర దూరపుది కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతరకు రెండేళ్లకోసారి గొల్లల మందలు పోటెత్తుతాయి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం ప్రారంభించినప్పుడు గొర్రెలను పక్క రాష్ట్రాల నుంచి కూడా కొని తెచ్చారు. ఊళ్లు మారిన మందలో జబ్బు వేగంగా పాకుతుందని పశువైద్యులందరికీ తెలిసిందే. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ కలిసి 2030 నాటికి పీపీఆర్‌ను కూడా ముసర దారిన పంపాలని లక్ష్యం పెట్టుకున్నాయి. మన దగ్గర వాడుతున్న టీకాల్లో ఒకటి హిమాచల్‌ప్రదేశ్‌లోని సుంగ్రీలో ఒక మేక నుంచి 1996లో తీసిన వైరస్‌తో తయారైంది. ముక్తేశ్వర్ శాస్త్రవేత్తలు దాన్ని ఆఫ్రికా కోతి మూత్రపిండ కణాల్లో పెంచి తీవ్రత తగ్గించారు. మూడు నెలలు దాటిన గొర్రెపిల్లకు చర్మం కింద ఒక మిల్లీలీటరు ఇస్తారు.